గాలాడే పెట్టె

ఆ రోజు ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటరును చంకనెత్తుకుని బజారుకు వెళ్ళాలి. గాలి బాగా ఆడే కొత్త క్యాబినెట్ ఒకటి ఎంచుకుని, పాత పెట్టెలోని సరంజామా అంతా అందులోకి మార్పించుకోవాలి. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి పనిలో కూర్చోవాలి. దారిలో ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడకూడదు. ఈ చివరి అంశాన్ని విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అది అతని జీవితంలో ఏ రోజూ తప్పనిదే.

అతని వృత్తి, ఇంకా కట్టని ఇళ్ళకు బొమ్మలు తయారు చెయ్యడం. పునాదైనా తియ్యని భవనాల కొలతలు బిల్డర్లు పంపితే, అతను కంప్యూటరులో ఆ గదులు కట్టి, గోడలకు రంగులు పూసి, కిటికీలోంచి సోఫా మీద ఎండ పడేలా చేసేవాడు. చివర్లో ఆ సోఫాలో ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టాలి. దానికి రెడీమేడ్ మనుషులు దొరుకుతారు. నవ్వే భర్త, పుస్తకం పట్టుకున్న భార్య, నేల మీద ఆడుకునే పాప, కళ్ళజోడు సవరించుకునే తాతగారు. ఈ నలుగురూ అతనికి బాగా అలవాటైపోయారు. ఏ ఇల్లు కట్టినా వాళ్ళనే దింపేవాడు. అతని సొంత గదిలో మాత్రం ఒకటే కుర్చీ. రెండోది కొందామని అప్పుడప్పుడూ అనిపించేది గానీ, అందులో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న దగ్గర ఆగిపోయేవాడు.

ఒక్కో బొమ్మ తేలడానికి కంప్యూటరు గంటల తరబడి తిరగాలి. పాత క్యాబినెట్ ముందున్న నల్లటి అద్దం చూసి మోజుపడి కొన్నాడు. అద్దం సొగసుగానే ఉంది గానీ గాలి దూరే సందు లేదు. లోపలి ఫ్యాను మెట్లెక్కిన ముసలాయనలా రొప్పేది. అంత రొప్పినా పని సగంలో కంప్యూటరు సొమ్మసిల్లేది.

అసలు బాధ అది కాదు. రోజూ రాత్రి భోజనాల వేళ దాటాక పక్కింటి గోడ మీద ఠక్ ఠక్‌మని రెండు దెబ్బలు పడేవి. అతను నేరం చేసినవాడిలా ఉలిక్కిపడి, ఫ్యాను వేగం తగ్గించే మీట తిప్పేవాడు. రొద దిగేది. అవతల దెబ్బలూ ఆగేవి. పక్కింట్లో ఉండేది రిటైరైన నర్సు అని ఆమె తలుపు మీది పలక చదివి తెలుసుకున్నాడు. ఆవిడకు తనంటే ఒళ్ళుమంట అని దెబ్బలను బట్టి తేల్చుకున్నాడు. వసారాలో ఆవిడ అడుగుల చప్పుడు వినిపిస్తే, అది వెళ్ళిపోయేదాకా తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. అందుకే ఇన్నేళ్ళలో ఒకరి ముఖం ఒకరు చూసుకోనేలేదు.

కాబట్టి కొత్త క్యాబినెట్‌లో గాలి ఆడాలి, చప్పుడు మాత్రం గోడ దాటకూడదు.

పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. సరేలెమ్మని కంప్యూటరు తీగలు ఊడదీసి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని బయటపడ్డాడు. తలుపు లాగితే దానంతట అదే తాళం పడింది. ఫోను బల్ల మీదే ఉండిపోయిందనీ, కుళాయి కట్టెయ్యలేదనీ అతనికి గుర్తులేదు. ఇంకాసేపటికి వచ్చిన పేపరు గుమ్మం ముందు పడింది.

షాపాయన మంచి హుషారు మనిషి. "ఇది చూడండి సార్, ఏడు రంగుల లైట్లు! ఇల్లంతా పెళ్ళివారిల్లులా ఉంటుంది."

"గాలి సంగతేంటండీ?"

"గాలిదేముంది సార్, అదే వస్తుంది."

"ముందంతా అద్దమే కదా. ఎటు నుంచి వస్తుంది?"

షాపాయన ఆ అద్దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు తట్టి చూశాడు. "మీరు మరీ లోతుకెళ్తున్నారు సార్," అన్నాడు నొచ్చుకుంటూ.

అతను లోతుకే వెళ్ళాడు. చల్లగాలి ముందు నుంచి రావాలి, వేడిగాలి వెనక నుంచీ పైనుంచీ పోవాలి, మధ్యలో ఏదీ అడ్డు తగలకూడదు. ఇలాంటి సూత్రం మనుషులకు కూడా ఉంటే బాగుండుననిపించిందతనికి. మూలనున్న, ముందు జాలీ బిగించిన ఒక పెట్టె దగ్గర ఆగాడు.

"జాలీ అయితే గాలీ వస్తుంది, చప్పుడూ వస్తుంది," అన్నాడు షాపాయన. "ఇంట్లో ఎవరికైనా చప్పుడు పడదా?"

"ఇంట్లో ఎవరూ లేరండీ. పక్కింట్లో."

"ఇంట్లో ఎవరూ లేనప్పుడు కాస్త చప్పుడుంటేనే మంచిది సార్."

అతను క్యాబినెట్ వైపు తిరిగాడు. దీనికున్నవి నెమ్మదిగా తిరిగే వెడల్పాటి ఫ్యాన్లు. సరంజామా అంతా అందులోకి మార్పించి, ఆన్ చేయించి, పల్చటి కాగితం ముక్కను జాలీ దగ్గర పెట్టాడు. కాగితం ఠపీమని అతుక్కుంది. చెవి ఆనించి విన్నాడు. ఏమీ వినపడలేదు. ఆ ఏమీ వినపడకపోవడం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. షాపాయన అప్పటికే ఇంకొకరికి ఏడు రంగులు చూపిస్తున్నాడు.

కొత్త పెట్టెను అట్టపెట్టెలో సర్దించుకుని, పాత ఫ్యానునూ దాని మీటనూ జేబులో వేసుకుని, అతను ఇంటిదారి పట్టాడు.

అక్కడ ఈలోగా వ్యవహారం ముదిరిపోయింది. నర్సమ్మ ఉద్యోగమంతా యంత్రాల మీద ఊపిరి నడిచే రోగుల మధ్య గడిచింది. ఆ వార్డులో చప్పుడును ఎవరూ పట్టించుకోరు. చప్పుడు ఆగితే పరుగెత్తుతారు. ఇన్నేళ్ళుగా గోడ అవతల ఆగినా కాసేపట్లో మళ్ళీ మొదలయ్యే రొద, ఆ పొద్దున ఆగి మళ్ళీ రాలేదు. ఆవిడ తాగుతున్న కాఫీ అక్కడే వదిలేసి గోడ మీద కొట్టింది. జవాబు లేదు. వెళ్ళి తలుపు కొట్టింది. జవాబు లేదు. గుమ్మంలో పేపరు అలాగే పడి ఉంది. అసోసియేషన్ సెక్రటరీ వచ్చి రిజిస్టరు తిరగేసి ఫోను చేశాడు. లోపల ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆయన పట్టుదల గల మనిషి కావడంతో చేస్తూనే ఉన్నాడు. చివరికి లోపల ఏదో ధబ్బున పడ్డ చప్పుడైంది. ఆ వెనకే తలుపు కింద నుంచి నీళ్ళు రావడం మొదలుపెట్టాయి. ఇంకేం కావాలి? వడ్రంగికి కబురు వెళ్ళింది.

అతను లిఫ్టు దిగేసరికి వసారా నిండా జనం. అట్టపెట్టె అతని ముఖాన్ని మూసేసింది.

"డెలివరీయా బాబూ?" అన్నాడు సెక్రటరీ. "అది కింద పెట్టి ఓ చెయ్యి వెయ్యి. లోపల మనిషి పోయాడు."

"ఎవరండీ?" అన్నాడు అతను, నిజంగానే కంగారుపడి.

"మూల ఫ్లాటాయన."

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పై అంతస్తులో అత్తవారింట ఉండే ఇల్లరికపు అల్లుడు నిట్టూర్చాడు. "చాలా మంచి మనిషండీ. ఒక్కనాడు ఒక్కమాట అన్న పాపాన పోలేదు."

అతను నోరు మూసుకున్నాడు. తన గురించి నలుగురు మాట్లాడుకోవడం అతను ఎన్నడూ వినలేదు. ఇంకొక్క మాట విని చెప్పేద్దాంలే అనుకున్నాడు. ఆకలిగొన్నవాడి ముందు విస్తరి వేశాక, ఇది నీకు కాదేమోనని గుర్తుచెయ్యడం కష్టం.

"ఇంతకీ ఎలా ఉండేవాడు?" అడిగాడు సెక్రటరీ.

"లావుగా," అన్నాడు అల్లుడు.

"కాద్సార్, బక్కపల్చన. గడ్డం ఉంటుంది," అన్నాడు వాచ్‌మన్. కాస్త ఆలోచించి, "గడ్డం కింది ఫ్లాటాయనకా?" అన్నాడు.

"పేరేంటయ్యా?"

ఎవరికీ తెలీదు. రిజిస్టరులో పేరు మీద టీ ఒలికి ఉంది. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. వాటి చుట్టూ తన కుళాయి నీళ్ళు.

అప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డ నర్సమ్మ గొంతు వినిపించింది. "పేరు నాకూ తెలీదు. కానీ రోజూ రాత్రి నేను గోడ తట్టేదాన్ని. ఉన్నావా నాయనా అన్నట్టు. వెంటనే ఆ మిషను చప్పుడు తగ్గించేవాడు. ఉన్నానమ్మా అన్నట్టు. అప్పుడు నిద్రపట్టేది నాకు." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒక్కరోజు కూడా జవాబివ్వకుండా లేడు."

ఇన్నేళ్ళూ తిట్లనుకుని తలవంచుకున్నవి పలకరింపులు. భయపడి తిప్పిన మీట జవాబు. ఇప్పుడు చెప్పాలి, ఈ క్షణమే చెప్పాలి అనుకుని, "అమ్మగారూ, అదీ..." అన్నాడు.

"ఊఁ, తొయ్యి!" అని వడ్రంగి కేకేశాడు. నలుగురూ భుజాలు ఆనించారు. మొహమాటం ఎంత పనైనా చేయిస్తుంది, అతనూ అట్టపెట్టెను పక్కన పొడి చోట దించి భుజం ఆనించాడు. తాళం ముక్కలై ఎగిరింది, తలుపు బంధాలతో సహా ఊడి లోపల పడింది. అందరికన్నా ముందు దూకిన సెక్రటరీ నీళ్ళలో జారి, ఎవరి శవం కోసం వచ్చాడో ఆ శవం ఉండాల్సిన చోట వెల్లకిలా పడ్డాడు.

ఇంట్లో ఎవరూ లేరు. నర్సమ్మ గబగబా వెళ్ళి కుళాయి కట్టేసింది. బల్ల మీద అదిరి అదిరి కిందపడ్డ ఫోను నీళ్ళలో నానుతోంది. గోడల నిండా అతను అచ్చువేసి అంటించుకున్న గదుల బొమ్మలు.

"అయ్యో, ఎంత చక్కటి సంసారం!" అన్నాడు అల్లుడు. "భార్య, పాప, పెద్దాయన... ఎన్ని ఇళ్ళున్నాయండీ వీళ్ళకి! ఒక్కణ్ణీ ఇక్కడ వదిలేశారు పాపం."

"ముందు వీళ్ళకి కబురు పెట్టాలి," అన్నాడు సెక్రటరీ నడుం పట్టుకుని లేస్తూ.

"వాళ్ళు నావాళ్ళు కారండీ," అన్నాడు అతను.

అందరూ తిరిగారు.

"నువ్వెవరు?"

"ఇక్కడ ఉండేది... నేనేనండీ."

"ఇక్కడ ఉండేవాడు పోయాడయ్యా!"

"లేదండీ. క్యాబినెట్ కొనుక్కోడానికి వెళ్ళాను."

సెక్రటరీ అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. నడుం విరగ్గొట్టుకున్నాక అసలే కాదు. "రుజువేది?"

అతను తాళంచెవి తీసి చూపించాడు. అది పట్టాల్సిన తాళం నేల మీద ముక్కలుగా పడి ఉంది. గుర్తింపు కార్డు చూపించాడు. అందులో చిరునామా పాత ఇంటిది, ఫొటో ఎవరిదైనా కావచ్చు. ఫోను తీస్తే దానిలోంచి నీళ్ళు కారాయి.

"నిన్ను గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా ఈ బిల్డింగులో?"

అతను చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. చివరికి నర్సమ్మ వైపు చూశాడు. "ఆవిడ గుర్తుపట్టొచ్చండీ. చూసి కాదు, విని."

అట్టపెట్టె విప్పి, కొత్త క్యాబినెట్ బల్ల మీద పెట్టి, తీగలు కలిపి ఆన్ చేశాడు. నర్సమ్మ తన ఇంట్లోకి వెళ్ళి గోడ దగ్గర నిలబడింది. గాలి బ్రహ్మాండంగా ఆడింది. చప్పుడు లేదు.

"ఏం వినపడట్లేదు," అని గోడ అవతల నుంచి నర్సమ్మ అంది. "ఇతను కాదు."

"పట్టుకోండి వీణ్ణి!" అన్నాడు సెక్రటరీ.

"ఒక్క నిమిషమండీ," అని అతను జేబులోంచి పాత ఫ్యాను తీశాడు. దాన్ని కొత్త పెట్టెకు తగిలించి, మీట పూర్తిగా పైకి తిప్పాడు. ముసలాయన మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వసారాలో ఉన్నవాళ్ళు కూడా చెవులు మూసుకున్నారు.

గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఠక్, ఠక్.

అతను మీట తగ్గించాడు. రొద దిగింది.

"ఉన్నాడు!" అని నర్సమ్మ అరిచింది. ఒక్క పరుగున వచ్చి, అతని ముఖం మొదటిసారిగా తేరిపార చూసింది. "ఇంత బక్కగా ఉన్నావేంటి నాయనా? ఆ చప్పుడుకి భారీ మనిషివనుకున్నాను!"

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానని... అందుకే చప్పుడు లేనిది కొన్నానమ్మగారూ."

"ఏడ్చినట్టే ఉంది. దీన్ని తియ్యకు. ఎంత వేడెక్కినా సరే."

వాచ్‌మన్ రిజిస్టరు తెచ్చి, టీ మరక పక్కన పేరు మళ్ళీ రాయించుకున్నాడు. కొత్త తాళం, బంధాలు రావాలంటే రేపో ఎల్లుండో అని చెప్పి వడ్రంగి వెళ్ళిపోయాడు. జనం పల్చబడ్డారు. తలుపు లేని ఇంటికి కాపలా ఎవరన్న ప్రశ్న మిగిలింది. నర్సమ్మ తన ఇంటి నుంచి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి, అతని కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. గోడ మీది బొమ్మలు చూస్తూ, "ఆ తాతగారు కళ్ళజోడు ఎన్నాళ్ళు సవరించుకుంటాడు? పెట్టుకోమను," అంది. చాలాకాలం తర్వాత ఆ గదిలో మనిషి నవ్వు వినిపించింది. అది తనదేనని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

అంత లోతుకెళ్ళి ఎంచుకున్న క్యాబినెట్ సంగతి ఎలా ఉన్నా, తలుపు వచ్చేదాకా ఆ ఇంట్లో గాలికి మాత్రం ఏ లోటూ లేదు.