అత్తగారి వార్డులో లాప్‌టాప్

ఆ రోజు పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద పెట్టి, దాని జోలికి ఎవరూ వెళ్లొద్దని చెప్పి, తను ఆఫీసుకు వెళ్లిపోవాలి. మధ్యాహ్నం దాకా అది ఏ పనీ చేయకుండా ఖాళీగా కూర్చోవాలి. ఖాళీగా కూర్చోవడం కూడా ఒక పరీక్షేనా అని మామగారికి అనుమానం వచ్చింది గానీ, రిటైరైన మనిషి ఆ మాట ఎత్తితే తిరిగి తిరిగి తన మీదికే వస్తుందని ఊరుకున్నారు.

అల్లుడి ఉద్యోగం అలాంటిది మరి. కంప్యూటర్ తెర మీద మనకు కనబడే హంగులన్నిటికీ అడుగున, యంత్రాన్ని నడిపించే కెర్నెల్ అనేది ఒకటుంటుంది. ప్రాసెసర్ ఎంత వేగంగా నడవాలో తేల్చేది అదే. పని మీద పడితే వేగం పెంచాలి, పని తగ్గితే తగ్గించాలి, ఏ పనీ లేకపోతే పాకాలి. లేదంటే బ్యాటరీ దండగ, ఒళ్లంతా వేడి. ఆ హెచ్చుతగ్గులు తెలివిగా చూసుకునే పద్ధతిని అల్లుడు ఏడాదిపాటు తిండీ నిద్రా మానుకుని రాశాడు. కంపెనీ తయారుచేసే కొత్త లాప్‌టాప్‌లలో దాన్ని పెట్టాలో వద్దో మేనేజరు ఈ రోజు తేలుస్తాడు. వద్దంటే, ఆఫీసంతా ‘ఫుల్ స్పీడ్’ అని పిలిచే సహోద్యోగి పద్ధతి పెడతారు. అందులో ఆలోచన అనే బెడదే లేదు. పనున్నా లేకపోయినా యంత్రం పరిగెడుతూనే ఉంటుంది.

“మన ల్యాబ్‌లో ఏసీ కింద ఏదైనా బుద్ధిగానే ఉంటుందయ్యా. మామూలు ఇంట్లో పెట్టి చూపించు,” అన్నాడు మేనేజరు. అందుకే లాప్‌టాప్ ఇంట్లో ఉంటుంది, అది పంపే లెక్కల గ్రాఫు ఆఫీసు గోడ మీది పెద్ద తెర మీద కనబడుతుంది. అదే గ్రాఫు లాప్‌టాప్ తెర మీదా నడుస్తూ ఉంటుంది.

భార్య అప్పటికే తన ఆఫీసుకు వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది అత్తగారూ మామగారూ. అత్తగారు పెద్దాసుపత్రిలో ఐసీయూ హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ వార్డులోకి వస్తే డాక్టర్లు కూడా లేచి నిలబడేవారట. ఇంట్లో మామగారు ఇప్పటికీ నిలబడతారు.

“అత్తయ్యా, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు,” అన్నాడు అల్లుడు, బూట్లు వేసుకుంటూ.

“ఈగని కూడా వాలనివ్వను. మీరు నిశ్చింతగా వెళ్లిరండి బాబూ. ఇంతకీ ఈ గీతేమిటి, ఇలా ఎగిరెగిరి పడుతోంది?”

ప్రాసెసర్ వేగం అని చెప్పేసి వెళ్లిపోతే ఈ కథ లేదు. కానీ పెద్దావిడకు తెలిసిన మాటల్లో చెప్పాలని అతనికి ముచ్చట పుట్టింది.

“దాని నాడి అనుకోండి అత్తయ్యా. ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపిస్తుంది. నా ఏడాది కష్టమంతా ఇవాళ దాని మీదే ఉంది.”

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ఎదురుగా కూర్చున్నారు. ఎంత మంచి మనిషో అనుకుంటూ అల్లుడు మెట్లు దిగాడు.

ఆఫీసులో గోడ మీది తెర ముందు అందరూ చేరారు. గీత కాసేపు ఊగిసలాడి, మెల్లగా దిగి, అట్టడుగున చదునుగా పడుకుంది.

“చూశారా సార్? పని లేదని గ్రహించి ఎంత బుద్ధిగా నెమ్మదించిందో,” అన్నాడు అల్లుడు. ఛాతీ కొద్దిగా ముందుకొచ్చింది.

అదే క్షణంలో ఇంట్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు గానీ మనకు తెలియాలి. చదునైన గీతను చూడగానే అత్తగారి పైప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆవిడ ఏ గీత కోసం పరుగులు తీశారో అదే గీత, మళ్లీ కళ్లెదుట.

“ఏమండీ! నాడి పడిపోయింది!”

“ముట్టుకోవద్దన్నాడు కదే.”

“ముట్టుకోవద్దన్నారు గానీ, పోతుంటే చూస్తూ కూర్చోమన్నారా?” అంటూ ఆవిడ ఒక్క వేలితో మౌసును మెల్లగా కదిపారు. గీత చివాలున లేచి నెత్తికెక్కింది. ఆవిడ గుండెల మీద చెయ్యేసుకున్నారు.

ఆఫీసులో అల్లుడి గుండె గుభేలుమంది.

“ఏమీ పని లేకుండానే ఫుల్ స్పీడా? నా పద్ధతి కాపీ కొట్టావేంటి?” అన్నాడు ఫుల్ స్పీడ్.

“ఏదో అప్‌డేట్ అయ్యుంటుంది. ఇప్పుడే దిగుతుంది,” అన్నాడు అల్లుడు. దిగింది. దిగీ దిగగానే మళ్లీ లేచింది. మళ్లీ దిగింది, మళ్లీ లేచింది. లాప్‌టాప్‌లో తెలియకుండా ఏదో ప్రోగ్రాం నడుస్తోందని అతనికి రూఢి అయిపోయింది. ఆఫీసు నుంచే ఇంటి లాప్‌టాప్‌లోకి వెళ్లి, తెరిచి ఉన్న ప్రోగ్రాంలన్నీ ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టాడు.

అవతల అత్తగారు చూస్తుండగానే తెర మీద మెయిల్ పెట్టె మాయమైంది. ఆ వెనకే పాటల పెట్టె పోయింది, క్యాలెండరు పోయింది.

“అవయవాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తున్నాయండీ!” ఆవిడ గొంతులో పాత హెడ్ నర్సు లేచి వచ్చింది. “చూస్తూ నిలబడతారేం? టేబుల్ ఫ్యాను ఇటు తెండి. ఒళ్లు కాలిపోతోంది. ఆయాసం కూడా మొదలైంది, వినబడటంలా?”

ఆయాసపడుతున్నది లోపలి చిన్న ఫ్యాను. పాపం, అంత వేగం మీద పరిగెత్తించి, ఆయాసం ఎందుకంటే అదేం చెబుతుంది? మామగారు టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టారు. ఆవిడ తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, మడతపెట్టి దాని కింద పరిచారు. గీత వాలిపోతే మౌసు కదపడానికి మామగారికి మొదటి డ్యూటీ వేశారు. ఆయన కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నారు.

ఆఫీసులో మేనేజరు తెరకు బాగా దగ్గరగా వెళ్లాడు.

“ఇదేంటయ్యా? వేగం పెరుగుతుంటే వేడి తగ్గుతోంది?”

అల్లుడు ఆ అంకెలు రెండుసార్లు సరిచూశాడు. అలా జరగడానికి వీల్లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. ఏడాదిగా నమ్ముకున్న కోడ్ తన కళ్ల ముందే పిచ్చిదైపోయిందని అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఫుల్ స్పీడ్ జాలిగా భుజం తట్టాడు. ఆ జాలి ఇంకా మండించింది.

ఆఖరికి ఇంటికి ఫోన్ చేశాడు. మామగారు ఎత్తి, గుసగుసగా మాట్లాడారు.

“బాబూ, ఇప్పుడు మాట్లాడటానికి లేదు. మీ అత్తయ్య దాన్ని బతికించే పనిలో ఉంది.”

“దేన్ని మామయ్యా?”

“మీ లాప్‌టాప్‌ని. పొద్దుట్నుంచీ పోయి పోయి వస్తోంది. నేను డ్యూటీలో ఉన్నాను, మౌసు వదలకూడదు.”

“స్పీకర్ పెట్టు,” అన్నాడు మేనేజరు. అల్లుడు పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది, ఎందుకంటే అత్తగారు ఫోన్ లాక్కుని నాడి, ఆయాసం, తడి తువ్వాలు, పోయిన అవయవాలు అన్నీ వరసగా డాక్టరుకు ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పారు. గదిలో నవ్వులు మిన్నంటాయి. ఫుల్ స్పీడ్ అయితే కుర్చీలోంచి జారిపోయాడు.

“ముట్టుకోవద్దన్నారని తెలుసు బాబూ,” అన్నారు ఆవిడ చివర్లో, గొంతు తగ్గించి. “మీ కష్టమంతా దాని మీదే ఉందన్నారు. నా చేతుల్లో పోతే మీకు మొహం ఎలా చూపించను? కాఫీకి కూడా లేవలేదు నేను.”

అల్లుడికి కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఈ ఏడాదంతా తన కోడ్ గురించి ఇంతగా బెంగపడిన మనిషి ఈ ఆఫీసులో ఒక్కరూ లేరు. ఆవిడ మీద అతనికి చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

“మీరు బాగా చూసుకున్నారు అత్తయ్యా. దానికేం కాలేదు. కాఫీ తాగండి,” అని, మేనేజరు వైపు తిరిగాడు. “పరీక్ష చెడిపోయింది సార్. రేపు మళ్లీ...”

మేనేజరు నవ్వడం లేదు. గోడ మీది గ్రాఫునే చూస్తున్నాడు.

“అమ్మా, మౌసును ఎంత గట్టిగా కదిపారు?”

“గట్టిగానా? ఒక్క వేలితోనండీ. పసిబిడ్డను తట్టినట్టు.”

“విన్నావా?” అన్నాడు మేనేజరు. “ఒక్క వేలు తగిలితే నీ కెర్నెల్ ఏదో పెద్ద పని ముంచుకొచ్చిందనుకుని చివరంటా పరిగెడుతోంది. దిగడానికి ఇంతసేపు తీసుకుంటోంది. నువ్వు పూర్తిగా ఖాళీగా ఉంచి చూశావు, పూర్తిగా పనిపెట్టి చూశావు. పనిలేకపోయినా ఉన్నట్టు మౌసు కదుపుతూ కూర్చునేవాళ్ల గురించి ఆలోచించావా? మన ఆఫీసు నిండా వాళ్లేగా!”

గదిలో కొన్ని చేతులు మౌసుల మీది నుంచి మెల్లగా తప్పుకున్నాయి. ఇదే లోపం కొన్నవాళ్ల చేతుల్లో బయటపడి ఉంటే ఏమయ్యేదో తలచుకుని అల్లుడికి చెమటలు పట్టాయి.

“అయితే నా పద్ధతే ఖాయమా సార్?” అన్నాడు ఫుల్ స్పీడ్.

“ఈ గ్రాఫులో తప్పుగా ఉన్న చోటల్లా నీ పద్ధతే కనబడుతోందయ్యా,” అన్నాడు మేనేజరు.

తప్పు ఎక్కడుందో తెలిశాక దిద్దడం అల్లుడికి పెద్ద పనేమీ కాలేదు. ఇప్పుడు ఎవరైనా ఊరికే తట్టితే కెర్నెల్ ఒక కన్ను తెరిచి చూసి, నిజంగా పని కనబడితేనే లేస్తుంది. మేనేజరు సంతకం పెట్టాడు. కొత్త లాప్‌టాప్‌లలో అల్లుడి పద్ధతే వెళ్లింది. ఇకమీదట మార్పు చేసిన ప్రతిసారీ ముందు అత్తగారి దగ్గర ఒక షిఫ్టు గడిపాకే బయటికి వదలాలని పైనుంచి కబురు కూడా వచ్చింది.

అత్తగారు సంతోషంగా ఒప్పుకున్నారు గానీ, పరీక్ష జరుగుతున్నంతసేపూ అల్లుడు ఇంటి ఛాయలకు రాకూడదని షరతు పెట్టారు, పేషెంటు తాలూకు మనుషులు పక్కనుంటే ఆవిడకు పని సాగదట.