ఏడు కోట్ల పలకల కేసు

మార్కాపురంలో పుల్లారావు షెడ్డు నుంచి ఒక్క రాత్రిలో ఆరు కోట్ల అరవై అయిదు లక్షల పలకలు మాయమయ్యాయని డిటెక్టివ్ రాజరత్నం పొద్దున్నే కనిపెట్టాడు. పడమటి ప్రకాశంలో తనంతటి మేధావి మరొకడు లేడని అతనే ప్రకటించుకుని, ఆ మాట తన జిరాక్స్ షాపు బోర్డు మీద కూడా రాయించుకున్నాడు.

ఆధారం తిరుగులేనిది. షెడ్డులో దొంతి పక్కన బండ మీద సుద్దతో వేసే అంకె ఆ దొంతిలోని పలకల లెక్క. గుమ్మం దగ్గరి బండ మీద నిన్న 73939133 ఉంది. ఈరోజు 7393913.

"అన్ని పలకలు మన షెడ్డులో పడతాయా అన్నా?" అన్నాడు పుల్లారావు.

"పట్టవనే గదా దొంగ తగ్గించినాడు."

తండ్రి పోయాక ఈమధ్యే వ్యాపారం చేతికొచ్చిన పుల్లారావుకు అది సబబుగానే తోచింది. కాపలా చెంచయ్యది. మూడు రోజుల్లో దొంగ దొరక్కపోతే తాళాలు అప్పజెప్పి సొంతూరు త్రిపురాంతకం బస్సెక్కమని పుల్లారావు అతనితో అన్నాడు. కేసు రహస్యం కాబట్టి ఇంట్లో భార్యకు కూడా చెప్పొద్దని రాజరత్నం ఆజ్ఞ.

"నా గుడిసెలో కాళ్లు చాపుకోను నాకే చోటు లేదు సామీ, కోట్లు యాడ పెడతా?" అన్నాడు చెంచయ్య.

రాజరత్నం గుడిసె సోదా చేశాడు. ఒక మేక దొరికింది. దాని వాంగ్మూలం కేసుకు పనికి రాలేదు.

మర్నాడు 739391. ఆ మర్నాడు 73939.

"అంతర్జాతీయ ముఠా," అన్నాడు రాజరత్నం. "మొదటి అంకె ముట్టరు. అది వాళ్ల గుర్తు."

ఆ తర్వాతి ఉదయం అతను నెత్తిన గోనెసంచి కప్పుకుని, ఆ బండకే వీపు ఆనించి మాటు వేశాడు. ఎండకు చొక్కా తడిసింది. పుల్లారావు భార్య నాగలక్ష్మి రోజూలాగే టిఫిన్ తెచ్చింది. ఆమెను అతను ఏనాడూ అనుమానించలేదు. ఆ ఇడ్లీల్లో అతనికీ వాటా ఉంది.

అతను క్యారియర్ కోసం ముందుకు వంగాడు. ఆమె బండ వైపు చూసి, క్యారియర్ కింద పెట్టేసింది.

"ఆ ఏడు ఎవరు తుడిచినారు?"

"ఏ ఏడు?" అంది గోనెసంచి.

"నీ వీపు మీదుంది అన్నా. లెయ్యి."

బండ మీద 3939 మిగిలింది. అప్పుడే చెంచయ్య తాళాల గుత్తి అప్పజెప్పడానికి వచ్చాడు, చంకలో మూటతో. నాగలక్ష్మి ఏందని అడిగింది. పుల్లారావు నేల చూస్తూ అంతా చెప్పాడు.

"తాళాలు నీ దగ్గరే పెట్టుకో చెంచయ్యా," అంది ఆమె. "ఆ అంకెలు రాసింది నేను. టిఫిన్ తెచ్చినప్పుడల్లా రోజుకొకటి తుడిచింది నేను. ఆ సంఖ్య దేనికీ లొంగదు, ఒకటీ అదీ తప్ప దేంతో భాగించినా శేషం మిగుల్తాది. చివర నుంచి ఒక్కొక్క అంకె తీసేస్తా పో, ఏడు ఒక్కటే మిగిలేదాకా అట్లనే లొంగకుండా ఉంటాది. అట్లాంటి వాటిల్లో ఇంతకన్నా పెద్దది లేదు. ఈ అన్న ముందరిది తుడిచినాడు, చూడు, మూడుకే విరిగిపోయింది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి పలకల ఇంటికి కోడలిగా వచ్చినాను. ఊళ్లన్నిటికీ పలకలు పంపే ఇంట్లో, రాసుకోను నాకొకటి ఇచ్చినోళ్లు లేరు. అందుకే అమ్ముడుపోని ఆ పగుళ్ల బండ తీసుకున్నా."