కెప్టెన్ సర్వేకు వచ్చిండు

ములకలపల్లిలో టెంట్ హౌస్ నడిపే గౌస్ ఆ ఆదివారం పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. బొజ్జయ్య సర్పంచ్‌గా ఉన్న అడవంచు గూడేనికి పోవాలి. ఖాళీగా ఉన్న తునికాకు గోదాంలో తెర కట్టి, మధ్యాహ్నం ఊరికి ఉచితంగా సినిమా చూపించాలి. సినిమా ఊరికి నచ్చితే ముత్యాలమ్మ జాతరకు షామియానాలు, మైకులు గౌస్‌వి. నచ్చకపోతే ఎప్పటిలాగే పోటీ దుకాణం మంగీలాల్‌వి. జాతర ఆర్డరు ఈసారి కూడా చేజారితే దుకాణం మూసుకోవడమేనని గౌస్‌కు తెలుసు.

సినిమాను ఎంచింది దుకాణంలో సగం వాటా ఉన్న మేనల్లుడు ఆసిమ్. అంతరిక్షం సినిమా అయితే కూర్చున్నచోటు నుంచి ఎవరూ కదలరన్నాడు. గౌస్ ఒప్పుకున్నాడు గాని మెచ్చుకోలేదు. ఈమధ్య ఫోనులో వచ్చిన అంతరిక్షం సినిమాలు, సిరీసులు ఒక్కటి కూడా వదలకుండా చూసినవాడు, ఒక్కదాన్ని కూడా క్షమించలేదు. నౌక గోడలన్నీ దీపాలే, తాగడానికి కుండెడు నీళ్లుండవు. ఇంట్లో నలుగురితో పొసగనివాడు విశ్వాన్ని ఉద్ధరిస్తానని బయల్దేరతాడు. మొదటి సీజన్‌లో చచ్చినవాడు రెండో సీజన్‌లో తల దువ్వుకుని వస్తాడు. అన్నిటికంటే ఒళ్లు మండేది, చనిపోయిన భార్య నీలం వెలుగులో ప్రత్యక్షమై హీరోను చూసి నవ్వడం.

"మీ అత్త షబ్నమ్ బతికున్నన్నాళ్లే నన్ను చూసి నవ్వలే. పోయినంక నవ్వుతదా?" అని గౌస్ దారిలో అడిగాడు.

మధ్యాహ్నానికి గోదాం నిండింది. తలుపులు వేసి, కిటికీలకు టార్పాలిన్ కట్టారు. లోపల చోటు దొరకనివాళ్లకు మాటలన్నా వినబడాలని బొజ్జయ్య కోరితే, బయట వేపచెట్టుకు రెండు మైకు బాకాలు కట్టారు. తెర మీద కెప్టెన్ నోరు తెరిచాడు. ఇంగ్లీషు. ఆసిమ్ పెన్‌డ్రైవ్ పీకి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఇంగ్లీషే. తెలుగుది దించుకుందామంటే అక్కడ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ముందు వరసలో కూర్చున్న జంపక్క లేచి చీర దులుపుకుంది. జంపక్క లేస్తే ఊళ్లో ఆడవాళ్లంతా లేస్తారు. ఆడవాళ్లు లేస్తే జాతర పోయినట్టే.

గౌస్ మైకు అందుకున్నాడు. "కూసో జంపక్కా. కథ నేను చెప్త."

ఉన్నది ఉన్నట్టు చెప్పినా సరిపోయేది. కానీ ఆ సినిమాను గౌస్ రెండుసార్లు చూసి రెండుసార్లూ తిట్టాడు. కెప్టెన్ కొత్త గ్రహం మీద దిగి, పిడికెడు మట్టి తీసి, కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. ఆ ఏడుపును తన నోటితో చెప్పడానికి గౌస్‌కు మనసొప్పలేదు.

"వీడు సర్వేకు వచ్చిండు," అన్నాడు.

లేచిన జంపక్క కూర్చుండిపోయింది. పోడు భూముల పట్టాల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఊరది; సర్వే అంటేనే భూమి పోతుందని భయం. ఆ తర్వాత ఎవరికీ ఏదీ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. కెప్టెన్ చేతిలో మెరుస్తున్న పెట్టె కొలత మిషన్. వెనక నడుస్తున్న మరమనిషి గొలుసు మోసే బంట్రోతు. రాళ్ల సందుల్లోంచి తొంగిచూస్తున్న ఎనిమిది కాళ్ల జీవాలు ఆ భూమి రైతులు. మొదటి జీవి ఒక శాస్త్రవేత్తను మింగినప్పుడు మగవాళ్లు ఈలలు వేశారు. జీవితంలో మొదటిసారి గౌస్‌కు ఒక అంతరిక్షం సినిమా నచ్చసాగింది.

చిక్కల్లా, తెర మీది కెప్టెన్ గౌస్ మాట వినడు. తుపాకి తీసి ఒక జీవిని కాల్చేశాడు. అది వాడికొచ్చిన కల అన్నాడు గౌస్. కెప్టెన్ ఇంకా చాలామందిని కాల్చాడు. కల పొడుగవుతోందని జంపక్క అనుమానపడింది. పెద్దాఫీసరు గదా, ఎక్కువసేపు పంటడని గౌస్ సర్దిచెప్పాడు. ఆ తర్వాత కెప్టెన్‌ను నిద్రలేపి, రేపట్నించి ఊరి చుట్టూ హద్దురాళ్లు పాతబోతున్నాడని బాకాలు అదిరేలా ప్రకటించాడు.

సరిగ్గా అప్పుడే రేంజరు వెంకటకృష్ణ జీపు ఊళ్లోకి వచ్చింది. అటవీశాఖ ఉద్యోగమైనా ఆయనకు అంతరిక్షం సినిమాలంటే ప్రాణం. బొజ్జయ్య పిలిస్తే సినిమా చూడటానికి వచ్చాడు. పత్తి చేన్లలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. వాళ్లకు వినబడింది హద్దురాళ్లు, కనబడింది జీపు. ఎక్కడి పని అక్కడ పడేసి ఉరికొచ్చారు. దస్రు అనే ముసలి రైతు జీపు ముందు అడ్డంగా పడుకున్నాడు.

"నన్ను తొక్కి కొలుసుకో సారూ," అన్నాడు.

సినిమా కోసం వచ్చానని రేంజరు చెప్పాడు. సినిమాకు సర్కారు జీపేసుకుని ఎవరొస్తారని జనం అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే కావడంతో ఆయన దిగి గోదాంలోకి నడిచాడు. లోపలికి చేరేసరికి చొక్కాకు రెండు గుండీలు లేవు. బొజ్జయ్య గౌస్ వైపు చూశాడు. ఆ చూపులో జాతర ఆర్డరు లేదు.

ఆ సినిమా రేంజరుకు కంఠతా వచ్చు. తన ఆరాధ్య కెప్టెన్‌ను సర్వేయరుగా మార్చేశారని తెలియగానే జీపు సంగతి కూడా మరిచి మైకు లాక్కున్నాడు.

"ఇతను చెప్పిందంతా అబద్ధం. అసలు కథ వినండి. కెప్టెన్ చాలా గొప్పవాడు. వాళ్ల భూమి పాడైపోయింది. మనుషులు బతకాలి కదా, అందుకని ఈ గ్రహాన్ని వెతికి పట్టుకున్నాడు. అడ్డమొచ్చిన జీవాలను ఏరేసి, తన వాళ్లందరికీ ఇక్కడ ఇళ్లు కట్టించాడు. అంతే. ఇందులో సర్వే ఎక్కడుంది?"

బాకాలు ఆ మాటల్ని చేన్లదాకా మోశాయి. జంపక్క బుగ్గన వేలు పెట్టుకుంది.

"గౌసు చెప్పింది గూడ గదే గద సారూ. నువ్వు జర వివరంగ చెప్పినవ్."

బయట దస్రు కాళ్లూ చేతులూ ఇంకొంచెం వెడల్పుగా చాపుకున్నాడు.

రేంజరు మానవజాతి భవిష్యత్తు గురించి చెప్పాడు. త్యాగం గురించి చెప్పాడు. చెప్పినకొద్దీ జీపు చుట్టూ జనం పెరిగారు. చివరికి బొజ్జయ్య ఆయన చెవిలో ఏదో గొణిగాడు. రేంజరు తెర వంక చూశాడు. కెప్టెన్ కొండ మీద జెండా పాతుతున్నాడు. ఆయన తెరకు వీపు తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"కెప్టెన్ తన తప్పు తెలుసుకున్నాడు. నౌక ఎక్కి ఇంటికి పోయాడు. మళ్లీ రాడు."

దస్రు లేచి పంచె దులుపుకున్నాడు. జీపుకు దారి దొరికింది.

జాతర ఆర్డరు మంగీలాల్‌కే పోయింది. తెర విప్పకముందే బొజ్జయ్య ఆ మాట చెప్పేశాడు. సినిమా ఊరికి బాగా నచ్చిందని, వచ్చిన తంటా అదేనని అన్నాడు. గౌస్ తెర విప్పి మడతపెట్టాడు. ట్రాలీ ఆటోలో బాకాలు వేసుకుని తిరిగి వస్తుంటే, అతను పదే పదే తల అడ్డంగా ఊపడం చూసి ఆసిమ్ అడిగాడు.

"దుకాణం గురించేనా మామూ?"

"రేంజరు చెప్పిన ముగింపు గురించి," అన్నాడు గౌస్. "ఏ ఆఫీసరన్న గంత జల్దీ మారుతడా? అస్సలు నమ్మబుద్ధి కాలే."