మొగపాలెం నీళ్లకు ఎ గ్రేడు

మొగపాలెం వెళ్లి నీళ్లు సీసాల్లోకి పట్టుకుని, మధ్యాహ్నం అక్క ఇంట్లో పీతల పులుసు తిని, సాయంత్రానికి ఒంగోలు చేరాలన్నది ఆ ఉదయం జక్రయ్య వేసుకున్న పథకం. అందులో పులుసు మొదటిది, నీళ్లు రెండోది.

సింగరాయకొండ అవతల సముద్రం ఊళ్లోకి కాస్త చొచ్చుకొచ్చిన చిన్న అఖాతం అది. ఊరివాళ్లు మొగ అంటారు. మిరప చేలనీ, ఊళ్లనీ ఒరుసుకుంటూ వచ్చే మురుగు కాలువ కూడా అందులోనే కలుస్తుంది. ఆ నీళ్లు పట్టుకెళ్లి ల్యాబులో ఇవ్వడం జక్రయ్య ఉద్యోగం. వాళ్లు మురుగు క్రిములు లెక్కపెట్టి గ్రేడు ఇస్తారు. ఇప్పటికే రెండుసార్లు 'సి' వచ్చింది. మళ్లీ వస్తే అక్కడి చేపలూ పీతలూ తినకూడదని ఎర్రబోర్డు పెడతారు. భర్త పోయాక ఆ మొగలో పీతలు పట్టుకునే బతుకుతున్న అక్క పుల్లమ్మకి అదే జరిగితే పొయ్యి వెలగదు.

అందుకే ముందురోజు ఫోన్ చేశాడు. "అక్కా, రేపు నీళ్ల కోసం వస్తన్నా. ప్రార్థన చెయ్యి."

పుల్లమ్మ ఆ ప్రార్థన ఇంట్లో చేసుకుని ఉంటే ఈ గొడవ లేకపోయేది. ఆవిడ చర్చిలో లేచి నిలబడి, తమ్ముడొస్తున్నాడు, నీళ్లకి మార్కులేస్తారు, అందరూ ప్రార్థించండని మనవి చేసింది. ఆ మాట గుమ్మం దాటేసరికి తనిఖీ అయింది. సర్పంచ్ మాణిక్యమ్మ ఇంటికి చేరేసరికి కలెక్టరాఫీసు తనిఖీ అయింది. మాణిక్యమ్మ సంతకాలకే సర్పంచ్. పెత్తనం భర్త దానయ్యది. పెద్దవాళ్లొస్తున్నారంటే దానయ్యకి తెలిసిన మర్యాద ఒక్కటే, బ్లీచింగ్ పౌడర్.

రోడ్డుకి రెండు పక్కలా తెల్లగీతలు వేయించాక, మిగిలిన బస్తాలు చూసి ఆయనకి జ్ఞానోదయమైంది.

"ఒరేయ్, వాళ్లొచ్చేది రోడ్డు చూట్టానికి కాదుగా! మొగలో కుమ్మరించండి!"

బస్తాలు చాలక పక్క పంచాయతీ నుంచి తెప్పించారు. ఇంటింటి నుంచీ ఫినాయిల్ సీసాలు వచ్చాయి. ఎండలకి ఇసుక మేట వేసి మొగ నోరు మూసుకుపోయిన రోజులు కావడంతో, పోసిందంతా పోసినట్టే నిలిచిపోయింది.

పొద్దున్నే స్కూటరు మీద ఐసుపెట్టెతో దిగిన జక్రయ్యకి షామియానా, పూలదండ ఎదురయ్యాయి. ఘాటుకి కళ్లవెంట నీళ్లు కారిపోయాయి.

"చూశారా, సారు ఎంత కదిలిపోయారో!" అన్నాడు దానయ్య, దండ వేస్తూ.

"ఏంచేశారండీ దానయ్య గారూ ఇది!"

"మీకోసం ఆమాత్రం చెయ్యమా సార్!"

జక్రయ్య పక్కకెళ్లి ల్యాబుకి ఫోన్ చేశాడు. "నస్రత్ మేడమ్, నీళ్లలో బ్లీచింగ్ కలిపేశారండి. కొన్నాళ్లాగి పట్టుకొస్తానండి."

"షెడ్యూల్లో ఇవాళే ఉందండీ జక్రయ్య గారూ. వాసనకి మార్కుల్లేవు, తెచ్చెయ్యండి."

సీసాలు నిండుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే పీతలు ఒడ్డుకెక్కసాగాయి. నాలుగడుగులు పాకి, వెల్లకిలా పడి, కాళ్లు ముడుచుకున్నాయి. వాటి వెనక చేపలు తేలాయి. చప్పట్లు ఆగిపోయాయి.

పుల్లమ్మ ఒక పీతని అరచేతిలోకి తీసుకుంది. ఆ అరచెయ్యి తోలూడి ఎర్రగా ఉంది.

"చేతులేంటక్కా అట్టా ఉన్నాయి?"

"నేనూ కలిపాన్రా, బేసిన్లతో. మార్కులొస్తే బోర్డు పెట్టరుగా అని... నీక్కూడా పేరొస్తుందిగా అని."

ఇంత చేసిన అక్కని ఒక్క మాట అనడానికి కూడా లేదు. ఈసారి జక్రయ్య కళ్లలో నీళ్లు ఘాటువల్ల వచ్చినవి కావు.

నీళ్లలో వెతికినా ఒక్క క్రిమి దొరకలేదని ల్యాబు తేల్చింది. 'ఎ' గ్రేడు! జిల్లాలో ఎవరికీ రాలేదని దానయ్య మళ్లీ షామియానా వేయించాడు. పచ్చబోర్డు పాతించే పని జక్రయ్య మీదే పడింది. వెళ్లేసరికి అక్క ఇంటికి తాళం. సత్తెనపల్లి వైపు మిరప కోతలకి వెళ్లిందన్నారు.

ఫోన్ చేశాడు. "చేతులెట్టా ఉన్నాయక్కా?"

"కాయల మంటలో ఆ మంట తెలీట్లేదులేరా. అన్నం తిన్నావా?"

"తింటానక్కా. ఎప్పుడొస్తావు?"

"పీతలొస్తే ఫోన్ చెయ్యి, వస్తా."

జక్రయ్య బోర్డు నిలబెట్టి, దాని నీడలోనే కూర్చున్నాడు. 'ఇక్కడి చేపలు, పీతలు నిర్భయంగా తినవచ్చు' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. అది ఒకసారి పైకి చదువుకుని, హోటల్లో కట్టించుకొచ్చిన పులిహోర పొట్లం విప్పాడు.