పన్నెండు బస్తాల ఇంగ్లీషు

ఆ ఉదయం వరహాలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కంపెనీ తరఫున కాఫీ కొనే మేడమ్ వస్తుంది. ఈలోగా బస్తాల మీది చీటీలు పీకేయాలి. అంతే.

అనంతగిరి బజారులో అతనిది ఇరవయ్యేళ్ల కొట్టు. కిందటేడు ఎదురు కొట్టు గంగరాజు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి కంపెనీవాళ్లను అటు తిప్పేసుకున్నాడు. ఈసారి గంగరాజు నోరు మూతపడేంత పెద్ద ఇంగ్లీషు మాట్లాడాలని వరహాలరావు పంతం. కష్టమైన మాటల పుస్తకం తెచ్చాడు గానీ, చదివింది తలలో నిలవలేదు. ఏ బస్తా ఎక్కడుందో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలడు. మాటా ఒక సరుకే, చోటు తెలిస్తే చేతికందుతుంది అనుకున్నాడు. చీటీకి ముందు ఇంగ్లీషు మాట, వెనక తెలుగు అర్థం రాసి, బస్తాకొకటి గుచ్చాడు. తలుపు పక్కన చోళ్లకు, అదే రాగులకు, ఇమ్మాక్యులేట్, అంటే మచ్చలేనిది. మూలన రైతు బుధు తెచ్చిన కాఫీకి సూపర్‌ఫ్లుయస్, అక్కర్లేనిది. దాని పక్క పసుపుకు డ్యూబియస్, నమ్మరానిది. వెనక వరసలో ఇంకో రైతు దేముడమ్మ కాఫీకి మీడియోకర్, అంతంత మాత్రం. బస్తాలో సరుకుకీ మాటకీ సంబంధం లేదు. బస్తా వట్టి కొక్కెం. నాలుగు రోజుల్లో పన్నెండు మాటలూ వచ్చేశాయి.

స్నానం చేసి వచ్చేసరికి చీటీలన్నీ నాలుగు వైపులా పురికొసతో కుట్టేసి ఉన్నాయి.

"కంపెనీ పేర్లు కదేటండీ! గాలికెగిరిపోతన్నాయని దబ్బనంతో కుట్టీసినాను," అంది భార్య రత్నాలు గర్వంగా.

"ఎంత పని సేసినావే! కత్తెరేదీ?"

కత్తెర దొరికేలోపు సంతకు దిగిన రైతులు కొట్లోకొచ్చారు. ముందు దేముడమ్మ.

"ఏటి సావుకారూ, బుధుగాడి కాఫీకి అంత పొడుగు సీటీ, నాకింత పొట్టిదా?"

"పొట్టీ పొడుగూ ఏటీ లేదమ్మా."

"లేకపోతే నా బస్తా ఎనకెందుకెట్టినావు?" అంటూ తన బస్తాను ముందుకీడ్చింది. అది చూసి బుధు తనది ఇంకా ముందుకీడ్చాడు. దారికోసం చోళ్లు మూలకెళ్లాయి, పసుపు తలుపు దగ్గరికొచ్చింది. పన్నెండు బస్తాలూ చోటు మారాయి. వాటితోపాటు వరహాలరావు తలలో పన్నెండు అర్థాలూ కలగాపులగమయ్యాయి. వెనక్కి తిప్పి చూద్దామంటే అర్థాలు గోనెకు కుట్టుకుపోయి ఉన్నాయి.

అప్పుడే జీపు ఆగింది. రమ్య మేడమ్ దిగింది. తలుపు పక్క మాటంటే మచ్చలేనిదని అతని లెక్క. అటు చూసి, అక్కడున్నది చదివి, ఛాతీ విరుచుకున్నాడు.

"మేడమ్, అవర్ కాఫీ ఈజ్ వెరీ డ్యూబియస్!"

రమ్య ఆగిపోయింది. "తొమ్మిదేళ్లుగా కొంటున్నానండీ. ఈ మాట చెప్పి అమ్మేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా." ఒక్కో చీటీ చదువుకుంటూ వచ్చి దేముడమ్మ బస్తా దగ్గర నిలబడింది.

"నా దాని మీద ఏటి రాసుందమ్మా?"

"మీడియోకరు. అంటే అంతంత మాత్రం అని."

దేముడమ్మ కొంగు నడుముకు బిగించింది.

"ఏటీ? పండిన పండే కోసి, గింజ గింజా ఏరి, వాన సుక్క పడకుండా కాసినాను. నా కాఫీ అంతంత మాత్రమా? సావుకారూ, నువ్వుండు. రత్నాలమ్మా, పొయ్యి ఎలిగించు!"

గుప్పెడు గింజలు తీసి పొట్టు చెరిగింది. పెనం మీద వేయించి, రోట్లో దంచి, తనే డికాషన్ కాచింది. రమ్య ఒక గుక్క తాగింది. రెండో గుక్కకు కళ్లు మూసుకుంది. గ్లాసు ఖాళీ అయ్యాక గానీ తెరవలేదు.

"వరహాలరావు గారూ, మీరు అంతంత మాత్రం అన్నదే ఇలా ఉంటే, మీ గ్రేడింగు మా కంపెనీకన్నా కఠినం. ఈ కొట్లో ఉన్న కాఫీ అంతా మాకే."

వరహాలరావు నిజం చెబుదామని నోరు తెరిచి, మూసేశాడు. బేరం కుదిరాక మాట్లాడకూడదన్నది అతని ఇరవయ్యేళ్ల చదువు.

"అన్నిటికన్నా మంచి మాటున్న సీటీ ఏదమ్మా?" అని అడిగింది దేముడమ్మ. రమ్య చోళ్ల బస్తా మీది 'మచ్చలేనిది' చూపించింది. దేముడమ్మ నడుముకున్న కత్తితో ఆ కుట్లు కోసి, చీటీ రత్నాలు చేతిలో పెట్టింది.

"బేగి నా దానికి కుట్టు. గట్టిగా."

ఎదురు కొట్లో గంగరాజు చూస్తుండగా బస్తాలు జీపెక్కాయి. వరహాలరావు మీసం రెండుసార్లు దువ్వుకున్నాడు.

నెల తిరిగేసరికి పన్నెండు మాటల్లో పదకొండు మరిచిపోయాడు. పన్నెండోది మరుపు రాలేదు. ప్రతి సంత రోజూ దేముడమ్మ వచ్చి, రత్నాలిచ్చిన టీ అతని ఎదుటే ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నింపాదిగా అంటుంది: "మీడియోకరు."