కడిగిన మాత్ర

ఒక పెద్ద అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి వైద్యం చేస్తుండేవాడు. పెద్ద అడవి అని ఎందుకంటున్నానంటే, అందులో ఉండేవాళ్లంతా తమది పెద్ద అడవి అనే చెప్పుకుంటారు. పక్క అడవివాళ్ల మాట వేరు. మనకెందుకు.

భల్లయ్య దగ్గర ఉన్నది ఒకటే మందు. నేలవేము, తిప్పతీగ కలిపి నూరి, తేనెతో ఉండలు కట్టేవాడు. వానాకాలంలో చలిజ్వరం వస్తే అదే. కడుపులో బాగాలేకపోతే అదే. అత్త నోరు మూయడం లేదని కోడలు వచ్చినా అదే. జ్వరానికి నిజంగానే పనిచేసేది. మిగతావాళ్లు మళ్లీ వచ్చి అడగలేదు కాబట్టి వాళ్లకూ పనిచేసిందనే అనుకోవాలి.

తేనె ఉండలు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఏదో ఒక పొడిలో దొర్లించడం ఆయన అలవాటు. వాగు గట్టున జాజుమన్ను దొరికిన రోజు మాత్రలు ఎర్రగా ఉండేవి. ఎండిన నీలి ఆకు నలిపి చల్లిన రోజు నీలంగా ఉండేవి. కార్చిచ్చు వచ్చి పోయాక బొగ్గుపొడి అద్దితే నల్లగా ఉండేవి. రంగు గురించి ఎవరూ అడిగేవాళ్లు కారు. పిల్లల చేత మింగించాలంటే ముక్కు మూయాలా, తోక పట్టుకోవాలా అన్నదొక్కటే అప్పటి సమస్య.

ఆ అడవికి పెద్ద గౌరప్ప. అడవిదున్న. ఆ ఏడు ఎండలకు వాగు సన్నబడితే ఆయన అందరినీ పిలిపించాడు.

"అడవి బాగు కోసం మనమందరం ఒక చేదు మాత్ర మింగాలి" అన్నాడు. "ఇకమీదట దున్నలు తాగాకే మిగతావాళ్లు తాగాలి."

"మనమందరం అంటే తమరు కూడానా అయ్యా?" అని అడిగింది ఒక కుందేలు.

"చెప్పే బాధ నాది కదమ్మా. అంతకంటే చేదు ఏముంటుంది" అన్నాడు గౌరప్ప నీళ్లలో కూర్చుని.

నీళ్లు తాగాక దున్నలు వాగు పక్కన గుంటలో పొర్లేవి. పొర్లి పొర్లి ఆ గుంట చిన్న చెరువంత అయింది. దోమలు అక్కడ కాపురం పెట్టాయి. అడవిలో సొంత నీళ్లున్న ప్రజ అవొక్కటే.

వానలయ్యాక కొత్త పెద్దను ఎన్నుకోవాలి. అక్కడి పద్ధతి సులువు. పోటీ పడేవాళ్లు వాగు గట్టున తలా ఒక చోట నిలబడతారు. ఎవరి వెనక ఎక్కువమంది చేరితే వాళ్లే పెద్ద. ఈసారి నక్క జంబన్నకు ఆ కోరిక పుట్టింది. ఆయనకు పుట్టని కోరిక లేదనుకోండి.

ఒకరోజు జంబన్న కుళ్లిన పీతలు తిని, కడుపు పట్టుకుని భల్లయ్య దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు మాత్రలు ఎర్రవి. ఒకటి మింగాడు. రాత్రంతా పొదకీ గుహకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. తెల్లారి వాగు దగ్గరికి వచ్చేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏమైందన్నా?" అని అడిగాడు ముళ్లపంది పోలయ్య. మంచివాడే. ఎవరు ఏం చెప్పినా నమ్మేంత మంచివాడు.

నిజం చెప్పడానికి జంబన్నకు పరువు అడ్డొచ్చింది. "ఎర్ర మాత్ర వేసుకున్నాను తమ్ముడూ. అప్పటినుంచి కళ్లు మూతపడటం లేదు. మన నీళ్లు ఎవరు తాగుతున్నారో తెలిసిపోయింది" అన్నాడు.

అది మాత్ర వేసుకోని వాళ్లకూ తెలుస్తూనే ఉంది. గౌరప్ప దాచిపెట్టి తాగడం లేదు. కానీ ఊరికే తెలిసిన దానికి విలువుండదు కదా. సాయంత్రానికి పోలయ్యతో సహా సగం అడవి ఎర్ర మాత్ర వాళ్లమని చెప్పుకుంది.

"మరి గౌరప్ప వైపువాళ్లో?" అన్నాడు పోలయ్య.

"వాళ్లది నీలి మాత్ర. జోకొట్టే మాత్ర అది" అన్నాడు జంబన్న. "అది మింగినవాణ్ని కనిపెట్టడం తేలిక. ‘అన్నీ ఒకటే’ అంటాడు. ఆ మాట వినబడిందా, వాడు ఇక మనవాడు కాదు. కన్న తండ్రైనా సరే."

వాగు పక్కన ఒక నున్నటి బండ ఉంది. పనిలేని కుర్రకారు దాని మీద గోళ్లతో మనసులో మాటలు గీకుతుంటారు. మనసులో ఏమీ లేనివాళ్లు ఇంకా ఎక్కువ గీకుతారు. మాత్రల మాట అక్కడికి చేరాక ఆగలేదు. ఈతపళ్లంటే పడిచచ్చేవాడిది ఈతపండు మాత్ర. పెళ్లాం మాట విన్న నెమలిది పెళ్లాం మాత్ర. పెళ్లికాని కొండముచ్చులు కొన్ని, ఏం చేసినా ఏ పిల్లా తమ తోక వంక చూడదని తేల్చుకుని, మాది నల్ల మాత్ర అని రాసుకుని ఆ బండ మీదే పడుకున్నాయి. "రోజంతా బండ మీద పడుకున్నవాణ్ని ఏ పిల్ల చూస్తుందిరా" అని వాళ్లమ్మలు అడిగారు. వాళ్లమ్మలది నీలి మాత్ర అని వెంటనే తేలిపోయింది.

జంబన్న తప్ప వీళ్లలో ఒక్కరూ ఏదీ మింగలేదు. భల్లయ్య దగ్గర ఉండలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

అడవి మధ్యలో ఒక మోడు ఉంది. సాయంత్రం పూట చిలక చంద్రలేఖ దాని మీద చర్చలు నడుపుతుంది. ఆకులు లేని చెట్టు కాబట్టి అందరికీ కనబడుతుంది. అందుకే పళ్లున్న చెట్టు వదులుకుని దాన్ని ఎంచుకుంది.

"ఎర్ర మాత్ర అడవిని కలుపుతోందా, విడగొడుతోందా? ఒక్క ముక్కలో చెప్పండి" అంది చంద్రలేఖ.

"రంగుల గురించి మాట్లాడే అర్హత ఈ చెట్టు మీద నాకొక్కడికే ఉంది" అంటూ ఊసరవెల్లి అందుకున్నాడు. ఎర్రగా మొదలుపెట్టి, మధ్యలో నీలంగా మారి, నల్లగా ముగించాడు. చర్చ సమతూకంగా సాగిందని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు భల్లయ్యను పిలిచారు. బరువుకి మోడు కిర్రుమంది.

"డాక్టరు గారూ, ఎర్ర మాత్రకు చూపు పెంచే గుణం ఉందా?"

ఉన్నది జాజుమన్నేనమ్మా అని చెబితే అయిపోయేది. కానీ అప్పటిదాకా ఆ అడవిలో ఆయన్ని ఎవరూ డాక్టరు గారూ అనలేదు. ఒరే ఎలుగూ అనేవాళ్లు. ఆయన గొంతు సవరించుకుని కాసేపు ఆకాశం వంక చూశాడు.

"ఉండవచ్చు" అన్నాడు. "లోతుగా పరిశీలించాల్సిన విషయం."

ఆ తర్వాత ఆయన వారానికోసారి మోడెక్కి లోతుగా పరిశీలించి దిగుతుండేవాడు.

వానలు పడ్డాయి. దున్నల గుంట నిండింది. దోమల వెనక చలిజ్వరం వచ్చింది. వాగు పొంగి జాజుమన్ను గట్టు కొట్టుకుపోయింది. బొగ్గూ, పాత ఉండలూ తడిసి ముద్దయ్యాయి. భల్లయ్య గుహలో పొడిగా మిగిలింది నీలి ఆకు ఒక్కటే. దాంతో ఆ ఏటి మాత్రలన్నీ నీలివే అయ్యాయి.

జ్వరం ముందు పట్టుకున్నవాళ్లలో పోలయ్య కూతురు సూదమ్మ ఒకతి. ముళ్లపంది బిడ్డకు ఒళ్లు పట్టి చూసే వీలుండదు. తల్లి ముత్తాలు ముక్కుకు ముక్కు ఆనించి చూసింది. కాలుతోంది. బిడ్డ వణుకుతుంటే ముళ్లన్నీ గలగలమంటున్నాయి.

"మాత్ర తెస్తాను" అంది ముత్తాలు.

"ఏ రంగు?" అన్నాడు పోలయ్య.

"ఉన్నది నీలమేనంట."

"నా కొంపలో నీలి మాత్రా? జంబన్న గుహ ముందు కాపలా ఉండేవాణ్ని నేను. రేపు బండ మీద ఏం రాస్తారే?"

"పిల్ల పోతే ఏం రాస్తారు?"

 పోలయ్యకు బిడ్డంటే ప్రాణమే. కాకపోతే ఆ ప్రాణం గురించి బండ మీద ఎవరూ రాయరు. కాపలాకు వేళయిందని లేచి వెళ్లిపోయాడు.

ముత్తాలు వెళుతూ వెళుతూ మోడు కింద ఆగింది. పైన జ్వరం మీద చర్చ జరుగుతోంది.

"అమ్మా, ఆ దున్నల గుంట పూడిస్తే దోమలు తగ్గుతాయేమో" అంది కిందనుంచి.

"ఇవాళ మన అంశం ‘జ్వరానికి రంగు అంటగట్టవచ్చా’ అమ్మా. గుంట సంగతి ఇంకెప్పుడైనా చూద్దాం. ఇంతకీ మీది ఏ మాత్ర?" అంది చంద్రలేఖ.

"నేను సూదమ్మ వాళ్లమ్మని" అని చెప్పి ముత్తాలు ముందుకు నడిచింది. అది ఏ రంగులోకి వస్తుందో ఊసరవెల్లికి కూడా అంతుపట్టలేదు.

భల్లయ్య గుహలోనే ఉన్నాడు. వాన వల్ల ఆ రోజు ఆయన్ని మోడెక్కించలేదు. కాస్త దిగులుగా ఉన్నాడు.

"బావా, ఎర్రదానికీ నీలిదానికీ లోపల మందు వేరా?" అని అడిగింది ముత్తాలు.

భల్లయ్య గుహ బయటికి తొంగి చూశాడు. ఎవరూ లేరు. "ఒకటేనమ్మా. పొడి ఒక్కటే వేరు" అన్నాడు మెల్లగా. "ఈ మాట నేను చెప్పానని ఎక్కడా అనకు. ఎల్లుండి మళ్లీ నన్ను పిలుస్తామన్నారు."

ముత్తాలు గుప్పెడు నీలి మాత్రలు ఆకులో చుట్టుకుని వాగు దగ్గరికి వచ్చింది. ఒకటి తీసి నీళ్లలో ముంచి కడిగింది. నీలం పోయింది. మట్టిరంగు ఉండ మిగిలింది. బిడ్డ ముక్కు మూసి మింగించింది. పిల్ల తల్లిని ఆడిపోసుకుని నిద్రపోయింది. అలా పూట పూటా ఒకటి కడిగి వేసింది. కొన్నాళ్లకు ముళ్ల చప్పుడు ఆగింది. సూదమ్మ లేచి ఆకలి అంది.

"ఏ రంగు వేశావే?" అన్నాడు పోలయ్య.

"చేదు రంగు" అంది ముత్తాలు.

పోలయ్య పిల్ల పక్కన కూర్చుని చాలాసేపు దాని ముక్కు పట్టి చూశాడు. తర్వాత యథాప్రకారం కాపలాకు వెళ్లాడు.

ఎన్నిక ఇక నాలుగు రోజులుందనగా జంబన్నకు జ్వరం వచ్చింది. అది మామూలు వణుకు కాదు. గుహలోని ఎండుటాకులన్నీ ఆయనతోపాటు వణికాయి.

"మాత్ర తెప్పించరా పోలయ్యా" అన్నాడు.

"నీలివే ఉన్నాయంటన్నా."

"ఏదైతే ఏంరా, తీసుకురా."

పోలయ్య బయట ఉన్నవాళ్ల వంక చూశాడు. వాళ్లకు పెద్ద, దుమ్ములగొండి దుర్గన్న. జంబన్న తర్వాత తనే అనుకుంటున్నవాడు. అది ఎంత తర్వాత అన్నదే ఆయన బెంగ.

"అన్న పలవరిస్తున్నాడు" అన్నాడు దుర్గన్న తడి కళ్లతో. "పాపం, తెలివిలో ఉంటే ఆ మాట అనేవాడేనా. ప్రాణం పోయినా ఒక్క నీలి మాత్ర లోపలికి పోకూడదు. అన్న గౌరవం మన చేతుల్లో ఉంది."

కాపలా రెట్టింపు చేశారు. భల్లయ్య గుమ్మం దాకా వచ్చి ముళ్లు చూసి వెనక్కి తగ్గి చెట్టు చాటున నిలబడ్డాడు. జంబన్న లోపల్నుంచి ఎంత మూలిగితే, బయట అంత గట్టిగా జేజేలు కొట్టారు.

చివరికి జంబన్న పోలయ్యను దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగాడు. "మీ పిల్లకు ఎలా తగ్గిందిరా?"

పోలయ్యకు అబద్ధం చెప్పడం రాదు. ఆ అడవిలో అదొక అంగవైకల్యం. "ముత్తాలు ఏదో కడిగి వేసిందన్నా" అన్నాడు.

ముత్తాలును పిలిపించారు. ఆమె మిగిలిన మాత్రతోపాటు దొప్పలో నీళ్లు కూడా తెచ్చింది. ఈ వింత చూడటానికి చంద్రలేఖ, ఊసరవెల్లి వచ్చి గుహ పక్క కొమ్మ మీద వాలారు. ముత్తాలు అందరి ముందూ గుప్పిట్లోనే మాత్ర కడిగి జంబన్న నోట్లో వేసింది. ఆయన నమలకుండానే మింగేశాడు.

"కడగకముందు ఏ రంగు?" అన్నాడు దుర్గన్న.

"నీలం" అంది ముత్తాలు.



జంబన్న మోచేతుల మీద లేచాడు. జ్వరంలో ఉన్నవాడికి కాస్త నిజం చెప్పే ధైర్యం వస్తుంది. "ఒరే, రంగులో ఏమీ లేదురా. ఎర్రదీ నీలిదీ నల్లదీ ఒకే మందు. అన్నీ ఒకటే" అన్నాడు.

దుర్గన్న నెమ్మదిగా తల ఊపాడు. "విన్నారా. అన్నీ ఒకటే అంటున్నాడు. మింగి క్షణం కాలేదు, అప్పుడే ఎక్కేసింది."

"ఒరే, ఆ మాట మీకు నేర్పింది నేనేరా" అన్నాడు జంబన్న.

"ఆ జంబన్న వేరు" అన్నాడు దుర్గన్న. కొందరు నిజంగానే కళ్లు తుడుచుకున్నారు.

"భల్లయ్యను అడగండి" అన్నాడు జంబన్న. అడిగారు. భల్లయ్య ముత్తాలు వంక చూశాడు. తర్వాత చంద్రలేఖ వంక చూశాడు. "లోతుగా పరిశీలించాల్సిన విషయం" అన్నాడు.

ఎన్నిక రోజు వాగు గట్టున ఎర్ర మాత్రవాళ్లు సగం మంది దుర్గన్న వెనక నిలబడ్డారు. మిగతా సగం ఎవరి వెనకా నిలబడకుండా, మాది కడిగిన మాత్ర అని బండ మీద రాసుకున్నారు. రంగులకు అతీతమైన కొత్త ఉద్యమం ఇది అని ఊసరవెల్లి వివరించాడు. దీని వ్యవస్థాపకురాలు ముత్తాలు అని చంద్రలేఖ ప్రకటించింది. కొండముచ్చులు కనబడిన ప్రతిదాన్నీ వాగులో కడగడం మొదలుపెట్టాయి. వాటిలో మాత్ర ఒక్కటీ లేదు. జంబన్న జ్వరం తగ్గి, తన చోట తనొక్కడే నిలబడ్డాడు. ఆరోగ్యంగా కనిపించాడు.

గౌరప్ప ఉన్నచోటనుంచి కదలకుండానే గెలిచాడు.

"అడవి బాగు కోసం మనమందరం మళ్లీ చేదు మాత్ర మింగాలి" అని మొదలుపెట్టాడు, గుంటలో ఒక పొర్లు పొర్లి.

ముత్తాలు బిడ్డను పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. సూదమ్మ ముక్కు మీద దోమ వాలింది. "అయ్యా, ఆ గుంట పూడిస్తే" అని ఆమె మొదలుపెట్టింది.

"వ్యవస్థాపకురాలు మాట్లాడుతున్నారు" అంది చంద్రలేఖ. "అమ్మా, కడిగిన మాత్ర ఎర్ర మాత్రతో కలుస్తుందా, నీలి మాత్రతో కలుస్తుందా? ఒక్క ముక్కలో."

ముత్తాలు దోమను తోలి, బిడ్డను తీసుకుని భల్లయ్య గుహ వైపు నడిచింది. వచ్చే వానలకు ఇంకో గుప్పెడు తెచ్చుకోవాలి.

నీతి: మాత్ర లోపల ఏముందని ఎన్నడూ అడగకండి. అడిగితే జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడగాల్సి వస్తుంది.