వెండెల్ గారి దవడ పన్ను

డిసెంబరు మొదటి శనివారం పొద్దున వెండెల్ టోర్సన్ చక్కని పథకం వేసుకున్నాడు. పది గంటలలోగా పళ్ళకో బీమా పాలసీ, కళ్ళకో బీమా పాలసీ ఎంచుకోవాలి. పదకొండింటికి గడ్డకట్టిన సరస్సు మీదికి చేపల వేటకు వెళ్ళాలి. నలభై ఏళ్ళు బడి బస్సు నడిపి ఈ మధ్యనే రిటైరయ్యాడు. ఉద్యోగంతో పాటు వచ్చిన పాలసీలు ఉద్యోగంతో పాటే పోయాయి. సరిగ్గా ఆ వారమే కుడి దవడ పన్ను నిలువునా చీలింది. సొంత డబ్బుతో క్యాప్ వేయించుకోవాలంటే పడవ అమ్ముకోవాలి. ఆ పడవంటే ఆయనకు ప్రాణం.

మొదటి దెబ్బ కుర్చీలోనే తగిలింది. కూర్చోగానే కింద కటుక్కుమంది. లేచి చూస్తే కళ్ళజోడు.

"పోతే పోయింది. నీది ఇటియ్యి," అన్నాడు భార్యతో.

"నా అద్దాలతో నీకేం కనిపిస్తుందయ్యా?" అంది మార్లిస్.

"కాగితాల సంగతి నాకొదిలెయ్. నలభై ఏళ్ళలో ఒక్క స్టాపు తప్పానా?"

ఆమె కళ్ళజోడే పెట్టుకుని రెండు కంపెనీల కాగితాలూ చదివాడు. క్రిస్మస్ కానుకలు చుట్టే కాగితాన్ని తిరగేసి, ఎర్ర రంగుతో గళ్ళు గీశాడు. ఇటు ఒక కంపెనీ, అటు ఇంకో కంపెనీ. పళ్ళు శుభ్రం చేయడానికి ఎన్నాళ్ళు ఆగాలి, పూడ్చడానికి ఎన్నాళ్ళు, క్యాపుకు ఎన్నాళ్ళు, కళ్ళజోడుకు ఎన్నాళ్ళు అని అన్నీ రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. మార్లిస్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంతటి బుర్ర పెట్టుకుని ఈ మనిషి బస్సు ఎందుకు నడిపాడా అనిపించింది ఆమెకు.

"క్యాపుకు ఆ కంపెనీవాళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఏడాది. వీళ్ళది ఆరు నెలలే. జనవరి నుంచి జూన్ ఆఖరు దాకా, అంతే! కళ్ళజోడుకూ అంతే. కానీ పన్ను ముందే చీలిందని తెలిస్తే చేతులెత్తేస్తారు. ఒక్క పిట్టకు కూడా తెలియకూడదు."

"నీ పన్నుతో పిట్టలకేం పనయ్యా!" అంది మార్లిస్. అయినా నోరు విప్పనని మాటిచ్చింది.

జనవరిలో చర్చి నేలమాళిగలో విందు జరిగింది. కళ్ళజోడును చేపల గాలపు దారంతో కట్టుకుని వెళ్ళాడు వెండెల్. పక్కింటి బెర్నెటా పంది పక్కటెముకల పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆ ఊళ్ళో ఏం పెట్టినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. పుట్టిన ప్రతివాడికీ తెలిసిన మర్యాద అది. వెండెల్ మూడోసారీ వద్దన్నాడు. నాలుగోసారీ వద్దన్నాడు.

బెర్నెటా గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఒంట్లో ఎలా ఉంది వెండెల్?"

అప్పుడే ఒక గుక్క చల్లటి నిమ్మరసం పంటికి తగిలింది. "ఫర్వాలేదులే," అన్నాడు, చెంప పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో.

ఇంకెక్కడైనా అయితే "ఏం జబ్బు?" అని అడిగేవారు. అక్కడ అలా అడగడం మహాపరాధం. కాబట్టి ఎవరికి తోచిన జబ్బు వాళ్ళు అనుకున్నారు. అన్నీ పెద్ద జబ్బులే.

సోమవారం గుమ్మంలో హాట్‌డిష్ గిన్నె వెలిసింది: నూడుల్స్, ఖీమా, పైన పుట్టగొడుగుల సూపు పోసి ఓవెన్‌లో పెట్టినది. మంగళవారం రెండు వచ్చాయి. నమలనక్కర్లేని తిండి! వెండెల్ కడుపునిండా తిన్నాడు. మార్చి కల్లా బుగ్గలు ఉబ్బాయి.

"వాపు మొదలైంది. మా మామగారికీ ఆఖర్లో ఇలాగే వచ్చింది," అని బెర్నెటా కళ్ళు తుడుచుకుంది.

పాస్టర్ ఇంగ్రిడ్ ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు చేర్చింది. తెల్లారి లేచేసరికి వాకిట్లో మంచు ఎవరో ఎత్తిపోసేవారు. మే నెలలో ఆరుగురు మనుషులు వచ్చి, రేపు చక్రాల కుర్చీ పైకి నెట్టడానికి పనికొస్తుందని గుమ్మం ముందు చెక్కల వాలుబాట కట్టేసి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. వెండెల్ కిటికీలోంచి అంతా చూశాడు. తన కోసం ఊరు ఇంత చేస్తుందని కలలోనైనా అనుకోలేదు.

"సిగ్గుగా లేదూ? చెప్పెయ్యవయ్యా," అంది మార్లిస్.

"చెప్తే పడవ పోతుందే! ఇంకా నలభై రోజులే."

జూలై ఒకటిన క్యాప్ వేయించుకుని తిన్నగా చర్చి విందుకు వెళ్ళాడు. బెర్నెటా పళ్ళెం చాపింది. ఆరు నెలల ఆకలి! వెండెల్ మర్యాద మరిచి మొదటి పిలుపుకే నాలుగు ఎముకలు లాక్కుని కుడి దవడతో కరకరా నమిలాడు. పాస్టర్ చేతులు జోడించింది. ఎవరో "అద్భుతం" అని గొణిగారు. ఒక ముసలాయన టోపీ తీశాడు.

వెండెల్ ఇక తట్టుకోలేకపోయాడు. లేచి నిలబడి, "నాకే జబ్బూ లేదు. పన్ను చీలింది. పాలసీకి వెయిటింగ్ పీరియడ్ ఉంది. ఆగాను. అంతే," అన్నాడు. తలెత్తే ధైర్యం లేకపోయింది. హాట్‌డిష్‌లన్నీ తన నెత్తిన పడతాయనుకున్నాడు.

"ఆరు నెలలా?" అంది బెర్నెటా. ఆమె గొంతులో కోపం లేదు. "ఒకే పక్క నమిలావా? నేను నాలుగో వారానికే ఓడిపోయి పీకించేసుకున్నాను!"

"నేను రెండో వారానికే," అన్నాడు టోపీ తీసినాయన. టోపీ మళ్ళీ పెట్టుకోలేదు.

"ఓర్పు గురించి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను వెండెల్ గారూ. కళ్ళారా చూడడం ఇదే మొదలు," అంది పాస్టర్. "పాలసీలు ఎలా పోల్చి చూడాలో ఆదివారం మా అందరికీ మీరే చెప్పాలి."

ఊరంతా ఆయన్ను ఇంటిదాకా సాగనంపింది. వాలుబాట మీద నిలబడి ఒక్కొక్కరూ చెయ్యి కలుపుతుంటే, "మార్లిస్! మన పాలసీ కాగితం ఇలా తీసుకురా, అందరూ చూస్తారు!" అని కేకేశాడు వెండెల్.

మార్లిస్ సొరుగులోంచి కాగితం తీసింది. తన కళ్ళకు తన అద్దాలే పెట్టుకుని మొదటిసారి చదివింది. ఆరు నెలలు: పిల్లల పళ్ళకు కట్టే తీగలకు. దాని పై వరుస, క్యాపుకు: వెయిటింగ్ పీరియడ్ లేదు. కళ్ళజోడుకు: మొదటి రోజు నుంచే.

కిటికీలోంచి చూసింది. ఆ దారం కట్టిన కళ్ళజోడుతో, ఉబ్బిన బుగ్గలతో, వెండెల్ మహారాజులా నవ్వుతున్నాడు.

"దొరికిందా?"

"లేదయ్యా," అని, కాగితాన్ని మడిచి బెర్నెటా గిన్నెలో పెట్టి మూత వేసింది.

తర్వాత ఊళ్ళో అందరి గిన్నెలూ కడిగి ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది, ఆ ఒక్కటి తప్ప.